కొంగకాలు గుర్తు

ఆల్డర్‌వెల్, సఫోక్
1583 మార్చి, ఉపవాసాల రెండో వారం

లండన్‌లో ఉంటున్న మాస్టర్ లారెన్స్ పికరింగ్ గారికి,

ఆల్డర్‌వెల్ ధర్మపు ఇళ్ళలో మూడో ఇంట్లో ఉండే సిస్లీ గ్రిగ్స్ చెప్పి రాయిస్తున్న ఉత్తరం. రాసేది చర్చి గుమాస్తా హంఫ్రీ బైల్స్. నాకు చదువు రాదు. చదువు రానివాళ్ళకి చెవులు కూడా ఉండవనుకున్నారు కాబోలు.

చలికాలంలో మీరు వచ్చి మా పొయ్యి పక్కన కూర్చున్నారు. నేను చేసిన జున్నుగడ్డ తిని పన్ను కదిలిందని నవ్వారు. మా దొర సర్ ఆంబ్రోస్ థర్కెల్ జీవితచరిత్ర రాస్తున్నానన్నారు, అడిగారు, చెప్పాను. ఇప్పుడు చిత్తుప్రతి పంపించి తప్పులుంటే చెప్పమన్నారు. నిన్న హంఫ్రీ మా ఆరుగురినీ కూర్చోబెట్టి చదివాడు. తప్పులుంటే చెప్పమనడం దేనికి బాబూ? ఇందులో ఎక్కడైనా మా దొర ఉంటే చెప్పమనాల్సింది.

ఆయన పొడగరి అని రాశారు. నా భుజం దాకా వచ్చేవాడు. నవ్వుమొహం అన్నారు. పదిహేనేళ్ళు ఆయన పాలకొట్టంలో పని చేశాను, ఒక్కసారీ నవ్వగా చూడలేదు. హెన్రీ రాజుగారికి కుడిభుజమట! ఏం భుజం? రాజుగారు భోజనానికి కూర్చునే ముందు చేతులు కడుక్కోవాలి కదా, ఆ వెండి పళ్ళెం పట్టుకుని నిలబడటం మా దొర ఉద్యోగం. నీళ్ళు తొణక్కుండా నడవాలని ఎడమ కాలు మెల్లగా ఈడ్చేవాడు. కొలువు మానేసి ఊరికొచ్చాక, చేతిలో పళ్ళెం లేకపోయినా అదే నడక.

ఇవన్నీ పోనీలే అనుకున్నాను. చివర్లో ఏం రాశారు? "పేరుప్రతిష్ఠల కోసం ఆరుగురు ముసలి విధవలకు ఇళ్ళు కట్టించాడు" అని. అది విని గుడ్డి ఎమ్మట్ చేతిలో ఉన్న గరిటె విసిరింది. హంఫ్రీ చెవికి తగిలింది, పాపం. పేరు కోసమైతే తలుపుల మీద పేరు చెక్కించుకునేవాడు. వచ్చి తడిమి చూసుకోండి, ఏ తలుపు మీదా ఒక్క అక్షరం లేదు. ఈ ఆరిళ్ళు, వెనకాల తొమ్మిదెకరాల పచ్చిక, రెండావులు. ఇదే మా బతుకు, ఆయన పెట్టిందే. ఆయన గురించి అబద్ధం రాస్తే ఊరుకునేది లేదు. దిద్దండి.

సిస్లీ గ్రిగ్స్
(ఆమె గుర్తు: కొంగకాలు)


లండన్
1583 మార్చి నెలాఖరు

గ్రిగ్స్ అవ్వగారికి వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ చెంపలు వేసుకున్నాను. హంఫ్రీ గారి చెవి తగ్గిందని ఆశిస్తాను.

నా అవస్థ కూడా కాస్త వినండి. కిందటి ఎండాకాలం నుంచి పాత కొలువు కాగితాలన్నీ వెతుకుతున్నాను. ఎలుకలు కొట్టినవి పోగా మిగిలినవన్నీ చూశాను. మీ దొరగారి పేరు ఏడుచోట్ల దొరికింది. అయిదు చోట్ల పండుగలకు ఇచ్చిన బట్ట తానుల జాబితాలో ఉంది. ఒకచోట ఎవరిదో పెళ్ళికి సాక్షి. ఇంకోచోట పోయిన తువ్వాలు గురించి సంజాయిషీ. ఒక మనిషి బతుకంతా వెతికితే నా చేతికొచ్చింది ఏడు వాక్యాలు, అందులో ఒకటి తువ్వాలు! ఈ పుస్తకం రాయిస్తున్న సర్ బార్నబీ గారు, మీ దొరగారి తమ్ముడి మనవడు, నూట ఇరవై పేజీలు కావాలంటున్నారు. "మా తాతగారి అన్న గొప్పవాడు కదా, ఇంత సన్నగా ఉంటే ఎలా?" అంటారు. ఆ కుడిభుజం ఆయన పెట్టించిందే. తీసేశాను. పొడుగు కూడా తగ్గించాను.

రెండు సంగతులు మాత్రం ఏ కాగితమూ చెప్పడం లేదు. మంచి ఉద్యోగం వదులుకుని ఆయన ఉన్నట్టుండి ఊరికి ఎందుకు వచ్చేశారు? మీ ఇళ్ళూ పచ్చికా ఎందుకు ఇచ్చారు? దానపత్రం మునసబు ఇంటితో పాటు కాలిపోయిందని మీ పాదిరిగారు అన్నారు. పేరు కోసం కాదని మీరంటున్నారు. మరి ఎందుకో చెప్పండి. మీరు చెబితేనే ఆయన మనిషవుతారు. లేకపోతే పళ్ళెం పట్టుకున్న చెయ్యిగానే మిగిలిపోతారు.

మీ
లారెన్స్ పికరింగ్


ఆల్డర్‌వెల్
1583 ఏప్రిల్, ఈస్టర్ వెళ్ళిన నాలుగో వారం

మాస్టర్ పికరింగ్ గారికి,

చెప్పాలా వద్దా అని మూడు వారాలు ఆలోచించాను. మొదట ఇక్కడికి వచ్చిన ఆరుగురిలో మిగిలింది నేనొక్కదాన్నే. మిగతా అయిదుగురూ తర్వాత వచ్చినవాళ్ళు. దొర నోటి మాటలు నా చెవులతో విన్నాను. నేను పోతే అవి కూడా పోతాయి. అందుకని చెబుతున్నాను.

మా దొరకి గైల్స్ వీట్ అని చిన్నప్పటి స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఒకనాడు భోజనాల దగ్గర ఒక పెద్ద ప్రభువు చేతులు కడుక్కుంటూ అడిగాడట, "ఏమయ్యా థర్కెల్, ఆ వీట్ నమ్మదగినవాడేనా? నువ్వెరుగుదువు కదా?" అని. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారట. మా దొర పళ్ళెంలో నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. మంచివాడని అనలేదు, చెడ్డవాడనీ అనలేదు. ప్రభువు చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. పది రోజులకి గైల్స్ వీట్ తల తీశారు. ఆ నెలలోనే మా దొర ఇంటికి వచ్చేశాడు. మీ తువ్వాలు ఎక్కడ పోయిందో నాకు తెలియదుగానీ, ఆయన నిద్ర పోగొట్టుకున్నది మాత్రం ఇక్కడే.

ఆయన పోయేరోజు మధ్యాహ్నం వేడి పాలు పట్టుకెళ్ళాను. అప్పటికి నా మొగుడు పోయి ఏడాది. దొర నా మణికట్టు పట్టుకున్నాడు. "సిస్లీ, నా పేరు చెప్పడానికి ఎవరైనా ఉండాలే. పాదిరులు రాజు మారితే మానేస్తారు. ఆడవాళ్ళు మానరు. వంట మానరు కదా, ఇదీ అంతే" అన్నాడు. సాయంత్రం గంట కొట్టగానే చేతిలో ఏది ఉంటే అది కింద పెట్టి, "ఆంబ్రోస్ థర్కెల్‌ని దేవుడు క్షమించుగాక" అని మూడుసార్లు అనాలి. చెప్పినన్నాళ్ళూ ఇళ్ళు మీవి, పచ్చిక మీది అన్నాడు.

నలభై మూడేళ్ళయింది. ఒక్క సాయంత్రం తప్పలేదు. జ్వరాల ఏడాది అయిదుగురు మంచాన పడితే, నేనొక్కదాన్నే ఆరు గుమ్మాల ముందూ తిరిగి ఆరుసార్లు మూడేసి చొప్పున చెప్పాను.

ఇక్కడికి వచ్చేసరికి హంఫ్రీ కలం కింద పెట్టేశాడు. "ఇది రాయొద్దు సిస్లీ" అంటాడు.

"ఎందుకురా?" అన్నాను.

"చచ్చినవాళ్ళ కోసం ప్రార్థనలు చెయ్యకూడదని చట్టం. నీకు తెలియనట్టు మాట్లాడతావేం?"

"పాదిరికి తెలియదా? ఊరికి తెలియదా? నీ గంటకే కదా మేం చెబుతున్నాం! అయినా ఇది ప్రార్థన కాదురా, మా అద్దె. రాయి."

రాశాడు. మొహం ముడుచుకుని రాశాడు, అక్షరాలు కూడా ముడుచుకునే ఉంటాయి. చూసి చదువుకోండి.

సిస్లీ గ్రిగ్స్
(ఆమె గుర్తు: కొంగకాలు)


లండన్
1583 మే 9

అవ్వగారికి,

"ఇది ప్రార్థన కాదు, మా అద్దె." ఆ మాట దగ్గర కుర్చీలోంచి లేచిపోయాను. గదిలో ఇటూ అటూ తిరిగాను. కింద ఉండే చర్మాల వర్తకుడు కర్రతో పైకప్పు పొడిచి తిట్టాడు కూడా.

రాసినదంతా పక్కన పడేసి మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను. ఇప్పుడు ఆయన నడుస్తున్నారు అవ్వా, నాకు కనబడుతున్నారు. ఎడమ కాలు ఈడుస్తూ. చివరి అధ్యాయం పూర్తిగా మీది. సాయంత్రం గంట, కింద పెట్టిన గరిటెలు, ఆరు గొంతులు.

ఒక్క చిక్కు. కాగితం లేని మాట నేను రాయను. అది నా పద్ధతి. మిగతా చరిత్రకారులు విన్నదల్లా రాసేస్తారు, నేను ప్రతి సంగతికీ సాక్ష్యం చూపిస్తాను. అందుకని మీరు చెప్పినదంతా వాఙ్మూలంగా రాసి దీనితో పంపుతున్నాను. హంఫ్రీ గారి చేత చదివించుకుని, సరిగ్గా ఉందనిపిస్తే మీరు ఆరుగురూ కింద మీ మీ గుర్తులు పెట్టండి. పాదిరిగారు చూస్తుండగా పెడితే మరీ మంచిది. మీ గుర్తు సంగతేమిటో కూడా చెప్పండి. కాకికాలు అనుకున్నాను, కొంగకాలంటున్నారు హంఫ్రీ గారు. ఇలాంటి చిన్న వివరాలే పుస్తకానికి ప్రాణం.

మీ
లారెన్స్ పికరింగ్


ఆల్డర్‌వెల్
1583 జూన్, గొర్రెల బొచ్చు కోతల కాలం

మాస్టర్ పికరింగ్ గారికి,

పెట్టాం. ఆరుగురం పెట్టాం. ఎమ్మట్ చెయ్యి నేనే పట్టుకుని పెట్టించాను. పాదిరిగారు మాత్రం రానన్నారు, ఆయనకి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది.

చదువుతుంటే అందరం ఏడ్చాం. మా మాటలు కాగితం మీద నుంచి మళ్ళీ మా చెవుల్లోకి వస్తుంటే ఎవరో పెద్దవాళ్ళు మాట్లాడుతున్నట్టుంది. మేమింత బాగా మాట్లాడతామా అంది ఎమ్మట్.

అది కొంగకాలే. మూడు వేళ్ళు, వెనక ఒక చుక్క. పాలకొట్టంలో చేరిన మొదటి ఏడాది మా అమ్మ నేర్పింది, జున్నుగడ్డ మెత్తగా ఉన్నప్పుడు అడుగున గోటితో గీయడానికి. ఎవరి గడ్డ ఎవరిదో తెలియాలి కదా. మా రెండావుల పాలతో ఇప్పటికీ చేస్తున్నాను. గుమ్మం మీద గంట బొమ్మ ఉన్న మా ఊరి పూటకూళ్ళ ఇంటివాడు కొంటాడు. చిన్నప్పటి నుంచీ నా చేతికి తెలిసిన అక్షరం అదొక్కటే. బాగా రాస్తానా?

పుస్తకం అయ్యాక ఒకటి మాకు పంపండి. చదవలేం కాని, పొయ్యి మీద గూట్లో పెట్టుకుంటాం.

సిస్లీ గ్రిగ్స్
(ఆమె గుర్తు: కొంగకాలు)

అయ్యా, ఇది నా మాట. చెప్పిందల్లా రాశాను, రాయడం నా పని. గుర్తులు పెట్టిన ఆ కాగితం మీ దగ్గరే ఉంచండి. ఎవరికీ చూపించకండి. హెచ్. బైల్స్.


లండన్
1583 సెప్టెంబరు 20

అవ్వగారికి,

ఇన్నాళ్ళూ రాయలేకపోయాను, క్షమించండి. పుస్తకం ముగిసింది. శుద్ధప్రతి తీసుకెళ్ళి సర్ బార్నబీ గారికి ఇచ్చాను.

ఆయనకు బాగా నచ్చింది. ఇంతగా నచ్చుతుందని నేననుకోలేదు. మొదటి అధ్యాయాలు తిరగేసి చివరిది మాత్రం రెండుసార్లు చదివారు. వాఙ్మూలం కాగితం కూడా అడిగారు, పుస్తకంతో కలిపి కుట్టిస్తామని. ఇచ్చాను. నాకొక కొత్త ఊలు అంగీ ఇప్పించారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఇద్దరు వకీళ్ళు భోజనానికి వచ్చారు. నన్ను ఉండమనలేదు.

మీ ఆరోగ్యం ఎలా ఉంది? పచ్చిక ఈ ఏడు బాగా ఎదిగిందా? దాని గురించి ఎవరైనా వచ్చి అడిగారా? ఊరికే అడుగుతున్నాను.

మీ
లారెన్స్ పికరింగ్


ఆల్డర్‌వెల్
1583 అక్టోబరు, ఆపిళ్ళు దింపే వారం

లారెన్స్ పికరింగ్‌కి,

ఊరికే అడిగావు. ఊరికే ఎవరైనా అడుగుతారా? ఇకమీద నీకు మీరూ గారూ ఉండవు.

నువ్వు అడిగిన వారానికి ఇద్దరొచ్చారు. ఒకడు పొడుగు కర్రలతో పచ్చిక కొలిచాడు. ఒకడు మా గుమ్మం దగ్గర నిలబడి గంట కొట్టేదాకా కాచుకున్నాడు. మేం మామూలుగానే గరిటెలు కింద పెట్టి చెప్పాం. వాడు ఒక్కో మాటా రాసుకున్నాడు. "ఎన్నిసార్లు చెబుతారవ్వా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. మూడని వేళ్ళు చూపించాను, వెర్రిదాన్ని. "చెప్పకపోతే ఏమవుతుంది?" అన్నాడు. "చెప్పకపోతే ఇళ్ళు ఉండవుగా" అంది ఎమ్మట్. వాడు నవ్వి అది కూడా రాసుకున్నాడు.

హంఫ్రీ రెండురోజులుగా నా కళ్ళలోకి చూడటం లేదు. ఏం చేశావు నువ్వు? తిన్నగా చెప్పు. డొంకతిరుగుళ్ళు నీ పుస్తకంలో పెట్టుకో.

సిస్లీ గ్రిగ్స్
(ఆమె గుర్తు: కొంగకాలు)


లండన్
1583 అక్టోబరు 24

అవ్వా,

తిన్నగా చెబుతున్నాను. చనిపోయినవాళ్ళ ఆత్మ కోసం ప్రార్థించాలనే షరతు మీద ఇచ్చిన భూమి ఏదైనా చట్టం ప్రకారం రాణిగారిదే. ఎవరికీ తెలియకుండా మిగిలిపోయిన అలాంటి భూమిని సాక్ష్యంతో సహా పట్టిచ్చినవాడికి దాన్ని నామమాత్రపు ధరకి ఇచ్చేస్తారు. సర్ బార్నబీ పట్టిచ్చాడు. సాక్ష్యం మీ వాఙ్మూలం. "చెప్పినన్నాళ్ళూ ఇళ్ళు మీవి." షరతు అంటే అదే అవ్వా. "ఇది మా అద్దె." నన్ను కుర్చీలోంచి లేపిన ఆ వాక్యం కిందే వకీలు ఎర్రసిరాతో గీశాడు.

ఆయన నాచేత పుస్తకం రాయించింది అందుకే. దానపత్రం లేదు కాబట్టి మీ నోటి నుంచే మాట రావాలి. మీరు వకీలుకి చెప్పరు, నాకు చెబుతారు. ఆ చట్టం నాకు తెలియక కాదు. మఠాల భూములకూ, పాదిరుల ప్రార్థనల కోసం రాసిచ్చిన భూములకూ అది వర్తిస్తుందని చదువుకున్నాను. ఆరుగురు ఆడవాళ్ళ వంటింటి మాటకి వర్తిస్తుందని నాకు తోచలేదు. అప్పుడు నేను నా పుస్తకాన్ని చూస్తున్నాను.

కాగితం వెనక్కిమ్మని ఆయన్ని అడిగాను. ఏ కాగితం అన్నాడు. అధికారుల దగ్గరికి వెళ్ళి, ఆ అధ్యాయం నేను కల్పించానని చెప్పాను. వాళ్ళలో పెద్దాయన నవ్వి, "తన పుస్తకం అబద్ధమన్న రచయితని ఇప్పుడే చూస్తున్నాను, పైగా ప్రతి పేజీ అంచునా సాక్ష్యాలు ఎక్కించుకున్నవాడు" అన్నాడు. నవంబరు పదకొండున, మార్టిన్ పండుగనాడు, మీ ఊరి పూటకూళ్ళ ఇంట్లో విచారణ. నన్ను రావద్దన్నారు. వచ్చినా నా మాట చెల్లదు.

ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

లారెన్స్


ఆల్డర్‌వెల్
1583 అక్టోబరు నెలాఖరు

లారెన్స్‌కి,

ఏం చెయ్యాలో నీకు తెలియకపోతే నాకు తెలుసు. దొర మాట విన్నది నేనొక్కదాన్నే కదా, ఆ కాగితం మీద గుర్తు నాది కాదంటాను. చదువురాని ముసలిదాన్ని, ఎవరో ఏదో రాసుకుని ఏదో గీసుకున్నారంటాను. నేను పెద్ద అబద్ధాలకోరునని ఊరంతా చెబుతుందిలే, ఆ మాట చెప్పమంటే ఎప్పుడూ సిద్ధమే. వాళ్ళు గీయమంటే సున్నా గీస్తాను. రోజూ బూడిదలో సున్నాలు గీసి నేర్చుకుంటున్నాను.

ఆ పెద్ద ప్రభువు అడిగితే మా దొర నీళ్ళలోకి చూశాడు. నువ్వు పుస్తకంలోకి చూశావు. తలెత్తి చూసేవాడు మాకొక్కడూ దొరకలేదు.

సిస్లీ గ్రిగ్స్
(ఆమె గుర్తు: కొంగకాలు)


ఆల్డర్‌వెల్
1583 నవంబరు, మార్టిన్ పండుగ మర్నాడు

లారెన్స్‌కి,

విను. ముగ్గురు అధికారులు బల్ల వెనక కూర్చున్నారు. పండుగ కదా, ముందర మాంసం, రొట్టె, బీరు ఉన్నాయి. సర్ బార్నబీ కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు. మా దొర రక్తమే. పొట్టివాడే.

పెద్దాయన కాగితం ఎత్తి చూపించి, "గ్రిగ్స్ అవ్వా, ఈ గుర్తు నీదేనా?" అన్నాడు.

"కాదు దొరా" అన్నాను.

"మరి నీ గుర్తు ఏది?"

కలం ఇచ్చారు, గీశాను. సున్నా కుదిరింది. లారెన్స్, ఎంత గుండ్రంగా వచ్చిందో! మా ఎమ్మట్‌కి కనబడకపోయినా నా భుజం గట్టిగా నొక్కింది. పెద్దాయన దాన్నీ దీన్నీ చూసి తల గోక్కున్నాడు. గెలిచానే అనుకున్నాను. పాలకొట్టంలో చేరిన రోజు కూడా అంత సంతోషపడలేదు.

అప్పుడు పక్కనున్న సన్నపాటివాడు నీ పుస్తకం తెరిచి, అంచు మీద చిన్న అక్షరాలతో నువ్వు రాసింది చదివాడు. "ఈ గుర్తు కొంగకాలు. ఆ ఊరి పూటకూళ్ళ ఇంట్లో అమ్మే జున్నుగడ్డల అడుగున ఇప్పటికీ చూడవచ్చు." చదివి, బల్ల మీదున్న జున్నుగడ్డని రెండు చేతులా ఎత్తి తలకిందులు చేశాడు.

మూడు వేళ్ళు, వెనక చుక్క. వేసవిలో గీసింది. స్పష్టంగా ఉంది. నా చెయ్యి ఎప్పుడైనా తప్పుగా గీస్తే కదా!

పెద్దాయన నవ్వలేదు. అందరూ నవ్వితే తిడదామని చూశాను. ఎవరూ నవ్వలేదు. "అబద్ధమాడినందుకు శిక్ష వెయ్యనులే అవ్వా, వెళ్ళు" అన్నాడు మెల్లగా. జాలి పడ్డాడు వాడు! నా జున్నుగడ్డ నాకిమ్మని మాత్రం అడిగాను. అది కూడా సాక్ష్యమట, ఇవ్వలేదు.

కొవ్వొత్తుల పండుగ లోపల, ఫిబ్రవరి రెండుకల్లా, ఖాళీ చెయ్యాలి.

అది నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్న గుర్తు. నీకు ప్రేమగా చెప్పాను.

సిస్లీ గ్రిగ్స్
(ఆమె గుర్తు: కొంగకాలు)


లండన్
1584 ఫిబ్రవరి 6

అవ్వా,

ఈపాటికి మీరు ఎక్కడున్నారో తెలియదు. హంఫ్రీ గారి పేరున పంపుతున్నాను.

పుస్తకం అచ్చుకి వెళ్ళింది. చివరి అధ్యాయం సర్ బార్నబీ తీయించేశాడు. ఇప్పుడది అవసరం లేదుగా. కుడిభుజం మళ్ళీ వచ్చింది, పొడుగు కూడా. గైల్స్ వీట్ పేరు ఎక్కడా లేదు. నా పేరు తీసేయమన్నాను, తీసేశారు. ఆ అంగీ తిప్పి పంపాను, నౌకరు తలుపు దగ్గరే వదిలేసి వెళ్ళాడు. అక్కడే ఉంది. దాని మీదుగా దాటుకుంటూ వెళ్తున్నాను.

మీరు చెప్పినదంతా నా చిత్తుప్రతిలో ఉంది. దాన్ని కాల్చాలా ఉంచాలా, మీరే చెప్పండి. నా పద్ధతుల మీద నాకిక నమ్మకం లేదు.

క్షమించమని అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

లారెన్స్


ఆల్డర్‌వెల్, హంఫ్రీ ఇంట్లోంచి
1584 మార్చి, ఉపవాసాల్లో

లారెన్స్‌కి,

నేనిప్పుడు ఫ్రామ్‌స్టన్‌లో, మా అక్క కూతురి ఆవులకొట్టం పక్కన ఉంటున్నాను. ఈ ఉత్తరం కోసం నాలుగు మైళ్ళు నడిచి వచ్చాను. హంఫ్రీ కాళ్ళు కడుక్కోమని వేడినీళ్ళిచ్చాడు. పళ్ళెంలో ఇచ్చాడు. నీళ్ళలోకి చాలాసేపు చూశాను.

మా ఆరుగురిలో డెనిస్ కాబ్ వదినగారింట్లో ఉంది. వాళ్ళు రోజూ సాధిస్తారు. థామసిన్ రడ్ ఇప్‌స్విచ్‌లో అడుక్కుంటోందని విన్నాను, నమ్మను. మార్జరీ పాస్క్ వెళ్ళిన పదో రోజునే పోయింది. ఎలిన్ ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. ఎమ్మట్ లవ్‌డేని పాదిరి తన వంటింట్లో పెట్టుకున్నాడు. కడుపునొప్పి ఇంకా తగ్గలేదనుకుంటాను. ఇళ్ళ తలుపులు ఊడదీసి తీసుకెళ్ళారు. పచ్చికలో గొర్రెలున్నాయి.

చివరి సాయంత్రం సంగతి నువ్వు అడగలేదు. అడిగితే మళ్ళీ అంచు మీద రాస్తావని భయమేమో. చెబుతాను. గంట కొట్టింది. ఆరుగురం గరిటెలు కింద పెట్టాం. నోరు తెరిచి నిలబడ్డాం. చెప్పినన్నాళ్ళూ ఇళ్ళు మావి అన్నాడు, చెప్పబట్టే ఇళ్ళు పోయాయి. ఇక చెప్పాలా వద్దా? అది మాకు ఎవరూ చెప్పి పోలేదు. గంట ఆగిపోయింది. అప్పుడు ఎమ్మట్ "సిస్లీ" అంది. తనకి కనబడదు కదా, నేను ఉన్నానో లేదో అని పిలిచింది. "ఉన్నాను" అన్నాను. తర్వాత "డెనిస్" అంది. "ఉన్నా." అలా ఆరుగురినీ పిలిచింది. అంతే. గరిటెలు తీసుకున్నాం.

ఇక్కడ ఫ్రామ్‌స్టన్ గంటకి కూడా నా చేతిలోది కిందికి వెళ్ళిపోతుంది. పాలు ఒలికాయని మా అక్క కూతురు అరుస్తుంది. దొర పేరు నా నోటికి రాదు. అయిదుగురి పేర్లు చెబుతాను. ఎవరూ పలకరు.

నీ చిత్తుప్రతి కాల్చకు. ఉంచుకో. రోజూ సాయంత్రం గంటకి నువ్వే చదువు, మూడుసార్లు. ఇకమీదట ఆయన అద్దె నీది.

క్షమించడం గురించి అడిగావు. హంఫ్రీ కూడా అదే అడుగుతున్నాడు, ఏం రాయమంటావని. రాయడానికి ఏమీ లేదని రాయమన్నాను.

సిస్లీ గ్రిగ్స్

అయ్యా, ఎప్పటిలాగే గుర్తు కోసం కింద చోటు వదిలి కలం ఇచ్చాను. ఆమె తీసుకోలేదు. ఆ చోటు అలాగే ఉంచాను. హెచ్. బైల్స్.